మురఖ్ఖా నుంచి గోడ పటం దాకా: సేకర్తల ఇండ్లలో ఇస్లామీయ చిత్రాలు

మొగలు, సఫవీ, దక్కనీ చిత్రాలను నేడు మనం చూసే తీరు అందరికీ తెలిసినదే. తెల్లని అట్ట మధ్య బిగించి, గాజు వేసి, పటం కట్టి, నిలబడిన మనిషి కంటికి ఎదురుగా గోడకు తగిలించి ఉంటాయి. ప్రదర్శనశాలలలోనే కాదు, వీటిని సొంతం చేసుకొన్న సంపన్నుల ఇండ్లలోనూ చాలాచోట్ల ఇదే పద్ధతి. కాని ఆ చిత్రాన్ని గీసినవాడు గాని, గీయించుకొన్నవాడు గాని దానిని గోడమీద ఊహించలేదు. అది ఒక గ్రంథంలోని పుట. తివాచీమీద కూర్చొని, గ్రంథాన్ని ఒడిలోనో చిన్న పీటమీదనో పెట్టుకొని, జానెడు దూరం నుంచి చూడవలసినది. చూసిన తరువాత పుట తిప్పవలసినది, చివరకు మూసి జిల్దు కట్టిన అట్టల మధ్య భద్రపరచవలసినది.

ఈ రెండు చూపుల మధ్య వ్యత్యాసం కేవలం అలంకారానికి సంబంధించినది కాదు. చిత్రం ఏ ఇంటిలో, ఏ చోట ఉండాలన్న ప్రశ్న ఇస్లామీయ సమాజంలో మొదటి నుంచీ ఉన్నది. దానికి వివిధ కాలాలలో సేకర్తలు ఇచ్చిన సమాధానాలు చిత్రాల రూపాన్నే మార్చివేసినవి. కొన్ని సమాధానాలు కొత్త గ్రంథాలను సృష్టించాయి, మరికొన్ని ఉన్న గ్రంథాలను నాశనం చేశాయి. ఆ చరిత్రను స్థూలంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెర, దిండు

ఇంటిలో చిత్రం ఉండవచ్చునా అన్న చర్చకు మూలమైన హదీసులలో హజ్రత్ ఆయిషా (ర) తెర వృత్తాంతం ముఖ్యమైనది. ఆమె తన ఇంట బొమ్మలున్న తెరను వేలాడదీయగా మహమ్మదు ప్రవక్త (స) అభ్యంతరం తెలిపారనీ, ఆమె దానిని కోసి దిండ్లుగా కుట్టగా ఆ దిండ్లు ఇంటిలో వాడుకలో ఉన్నవనీ బుఖారీ, ముస్లిం సంకలనాల వల్ల తెలుస్తున్నది. ఇక్కడ గమనించవలసినది బట్టమీది బొమ్మ ఒక్కటే కాదు, ఆ బట్ట ఉన్న చోటు కూడా. వేలాడుతూ మనిషి ఎదుట నిలిచినప్పుడు దానికి ఒక గౌరవం కలిగింది. దిండై నేలమీదికి దిగినప్పుడు ఆ గౌరవం పోయింది.

తరువాతి ధర్మశాస్త్రవేత్తలు ఈ భేదాన్ని విపులంగా చర్చించారు. హిజ్రీ 676 (క్రీ.శ. 1277)లో మరణించిన ఇమాం నవవీ, ముస్లిం సంకలనానికి రాసిన వ్యాఖ్యానంలో ప్రాణుల రూపాలను తయారు చేయడం వేరు, అటువంటి రూపాలున్న వస్తువును ఇంటిలో వాడుకోవడం వేరు అని విడదీశాడు. మొదటిది నిషిద్ధమే. రెండవదాని విషయంలో గోడకు వేలాడదీసినదానికీ, కాలికింద పరచినదానికీ తీర్పు ఒకటి కాదు.

దీనిని బట్టి ముస్లిం పాలకులందరూ గోడ చిత్రాలను విసర్జించారనుకోవడం పొరపాటు. జోర్డాను ఎడారిలోని ఖుసైర్ అమ్రా భవనం గోడలనిండా ఎనిమిదవ శతాబ్దపు ఉమయ్యద్ కాలపు మానవాకృతులున్నాయి. అబ్బాసీల సమర్రా రాజభవనాలలోనూ, చాలాకాలం తరువాత ఇస్ఫహాన్‌లోని చిహిల్ సుతూన్‌లోనూ గోడలమీద చిత్రాలు వేయించారు. అయితే ఇవి స్నానగృహాలు, విందుశాలలు, రాజసభలు. సాధారణ గృహస్థు ఇంటి గోడకు మాత్రం అక్షరమే అలంకారమైనది. దివ్య ఖుర్ఆన్ వాక్యాలు, తుగ్రాలు, అందమైన నస్తాలీఖ్ పంక్తులు గోడ కెక్కినవి. దక్కనులోనైతే ప్రార్థనాక్షరాలనే పక్షిగా, సింహంగా, గుర్రంగా మలచిన విచిత్ర లేఖనాలు వెలిశాయి. దూరానికి అది బొమ్మ, దగ్గరకు వెళ్తే అక్షరం. బొమ్మకూ అక్షరానికీ మధ్య గోడమీద జరిగిన ఒక సంధిగా దీనిని భావించవచ్చు.

ఇక నిజమైన చిత్రం గ్రంథంలోకి వెళ్ళింది.

అతుకుల బొంత

పదిహేనవ శతాబ్దం నుంచి ఇరాన్‌లోనూ, మధ్య ఆసియాలోనూ, తరువాత హిందూస్థానంలోనూ సేకర్తలకు ప్రియమైన వస్తువు మురఖ్ఖా. ఈ అరబ్బీ మాటకు అతుకులు వేసినది అని అర్థం. సూఫీ ఫకీరు ధరించే అతుకుల అంగీకీ ఇదే పేరు. మన ఇండ్లలో పాతబట్టల ముక్కలు చేర్చి కుట్టే బొంత వంటిదే ఇదీ. ఒక చోట గీసిన చిత్రం, మరొక చోట రాసిన నాలుగు పంక్తుల పద్యం, ఇంకెక్కడినుంచో వచ్చిన పువ్వుల చిత్రం ఇవన్నీ ఒకే పరిమాణంగల పత్రాలమీద అతికించి, చుట్టూ హాషియా అనే వెడల్పయిన అంచు కట్టి, ఆ అంచును బంగారు నీటితో నింపి, జిల్దు వేసేవారు.

సఫవీ యువరాజు బహ్రామ్ మీర్జా కోసం దోస్త్ ముహమ్మద్ హిజ్రీ 951 (క్రీ.శ. 1544-45)లో కూర్చిన మురఖ్ఖా నేడు ఇస్తాంబూలులోని తోప్‌కాపీ భవనంలో ఉన్నది. దాని ముందుమాటలో దోస్త్ ముహమ్మద్ పూర్వపు లేఖకుల, చిత్రకారుల పరంపరను క్రమంగా వివరించాడు. అంటే మురఖ్ఖా కేవలం అందమైన వస్తువుల పెట్టె కాదు. ఎవరు ఎవరి శిష్యుడు, ఏ చేతి వెనుక ఏ చేయి ఉన్నదో చెప్పే ఒక చరిత్ర గ్రంథం కూడా.

పుటల అమరికలోనూ ఒక నియమం ఉండేది. తెరచినప్పుడు రెండు చిత్రాలు ఎదురెదురుగా, తరువాతి పుట తిప్పితే రెండు లేఖనాలు ఎదురెదురుగా రావడం మొగలు మురఖ్ఖాలలో సాధారణం. దారా షికో తన భార్య నాదిరా బాను బేగానికి కానుకగా ఇచ్చిన మురఖ్ఖా లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అందులో ఒక వైపు యువకుడు, ఎదుటి పుటలో యువతి, మరొక చోట ఒక పక్షికి ఎదురుగా ఇంకొక పక్షి. ఈ జంటలు గ్రంథం తెరచినప్పుడే జంటలు. విప్పి వేరువేరు పటాలు కడితే ఆ యువకుడు ఎవరివైపు చూస్తున్నాడో చెప్పగలవారుండరు.

రాజగృహంలో ఈ గ్రంథాలకు ఒక నియత స్థానం ఉండేది. అక్బరు గ్రంథాలయంలో కొంత భాగం అంతఃపురంలోనూ, కొంత వెలుపలనూ ఉండేదని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. చిత్రకారులు చేసిన పనిని దారోగాలు, గుమాస్తాలు వారం వారం చక్రవర్తి ఎదుట పెట్టేవారు. పని నాణ్యతను బట్టి బహుమానం, జీతం పెంపు ఉండేవి. గ్రంథాలను ఎప్పటికప్పుడు తనిఖీ చేసి, తేదీతో సహా మొదటి ఖాళీ పుటలో రాసి ముద్ర వేసేవారు. చిత్రం వెల, చేతులు మారిన వైనం, యజమాని పేరు ఇవన్నీ బొమ్మ ఉన్న వైపు కాక దాని వెనుకవైపునో, గ్రంథం తొలి పుటలోనో ఉండేవి. ఈ విషయం ముందు ముందు అవసరమవుతుంది.

ఆంట్వెర్ప్ అచ్చులు, ఆగ్రా అంచులు

పదహారవ శతాబ్దాంతంలో మొగలు సేకర్తల ముంగిట ఒక కొత్త వస్తువు నిలిచింది. అది అచ్చు చిత్రం. 1580లో ఫతేపూరు సిక్రీకి వచ్చిన జెసూయిట్ పాదిరీలు అక్బరుకు ఆంట్వెర్ప్ నగరంలో ప్లాంటిన్ అచ్చువేసిన బహుభాషా బైబిలును సమర్పించారు. ఎనిమిది సంపుటాలుగా 1568-1572 మధ్య వెలువడిన ఆ గ్రంథంలో రాగిరేకు మీద చెక్కి అచ్చొత్తిన ముఖచిత్రాలున్నాయి. తరువాత పాదిరీల ద్వారా, వర్తకుల ద్వారా జర్మనీ, ఫ్లాండర్సు దేశాల విడి అచ్చు చిత్రాలు అనేకం దర్బారుకు చేరాయి.

అచ్చు చిత్రానికి ఒక స్వభావం ఉన్నది. ఒకే రేకు నుంచి వందల ప్రతులు తీయవచ్చు. ఐరోపాలో ఒక పాదిరీ గదిలోనూ, ఒక వర్తకుని ఇంటిలోనూ అదే బొమ్మ ఉండవచ్చు. అటువంటి వస్తువును మొగలు కితాబ్‌ఖానా ఎలా స్వీకరించిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆకా రిజా కుమారుడు అబుల్ హసన్ తన పదమూడవ యేట, 1600 ప్రాంతంలో, జర్మను చిత్రకారుడు ఆల్‌బ్రెష్ట్ డ్యూరర్ 1511లో చెక్కిన అచ్చు చిత్రంలోని సెయింట్ జాన్ రూపాన్ని చూసి కుంచెతో గీశాడు. ఆ పత్రం నేడు ఆక్స్‌ఫర్డులోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్నది. అచ్చులోని రేఖలను ఆ బాలుడు ఎంత శ్రద్ధగా అనుసరించాడో, బట్ట ముడతలలో తన తండ్రి నేర్పిన ఇరానీ లాలిత్యాన్ని అంత సహజంగా కలిపాడు. ఈ బాలుడే పెరిగి 1618లో జహాంగీరు చేత నాదిరుజ్జమాన్ అన్న బిరుదు పొందాడు.

జహాంగీరు కూర్పించిన మురఖ్ఖాలో పెద్ద భాగం టెహరానులోని గులిస్తాన్ భవన గ్రంథాలయంలో మురఖ్ఖా-ఇ-గుల్షన్ పేరుతో ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో హైన్రిష్ బ్రుగ్ష్ ఇరాన్‌లో సంపాదించిన మరికొన్ని పత్రాలు బెర్లినుకు చేరాయి. వీటిలో ఐరోపా అచ్చు చిత్రాలను నేరుగా అతికించిన పుటలున్నాయి. కొన్నింటికి రంగులు వేశారు. చుట్టూ ఉన్న హాషియాలలో దర్బారు చిత్రకారులు బంగారు రేఖలతో మనుషులను, పక్షులను, కొన్నిచోట్ల ఐరోపా రూపాలను గీశారు. హిరాత్ లేఖకుడు మీర్ అలీ పద్య పంక్తులు ఆ గ్రంథంలోనే ఉన్నాయి. ఐరోపాలో కొద్ది నాణేలకు దొరికే అచ్చు కాగితం ఇక్కడ మీర్ అలీ అక్షరం సరసన చోటు సంపాదించింది. వందల ప్రతులలో ఒకటైనది ఈ అంచులో పొదగబడిన తరువాత లోకంలో మరొకటి లేని వస్తువైనది.

అసలుకూ నకలుకూ భేదమేమిటన్న విషయంలో జహాంగీరు ఎంత పట్టుదల గలవాడో తెలిపే సంఘటన ఒకటి ఆంగ్ల రాయబారి సర్ థామస్ రో తన దినచర్యలో రాసుకొన్నాడు. 1616లో దర్బారు అజ్మీరులో ఉన్నప్పుడు రో ఒక చిన్న చిత్రాన్ని చక్రవర్తికి చూపాడు. తన చిత్రకారుడు దీనికి నకలు చేస్తే నీ చిత్రాన్ని నీవే గుర్తుపట్టలేవని జహాంగీరు పందెం వేశాడు. కొన్నాళ్ళకు ఒక రాత్రి రోను పిలిపించి, ఒకే పలకమీద అతికించిన ఆరు చిత్రాలను ముందు పెట్టాడు. వాటిలో అయిదు నకళ్ళు. కొవ్వొత్తి వెలుగులో తన దానిని పోల్చుకోవడానికి కష్టపడ్డానని రో ఒప్పుకొన్నాడు, చివరకు గుర్తించాడు. ఏ చిత్రాన్ని చూసినా గీసినదెవరో చెప్పగలననీ, ఒక ముఖంలో కనుబొమలు మరొకరు దిద్ది ఉంటే అదీ పసిగట్టగలననీ తన ఆత్మకథలో చెప్పుకొన్న జహాంగీరుకు ఈ పరీక్ష ఒక వినోదం. ఇక్కడ సేకరణ అంటే తగిలించి పెట్టుకోవడం కాదు. చేతిలోకి తీసుకోవడం, పోల్చడం, వాదించడం, అతిథిని పరీక్షించడం.

మొగలు గోడలమీద చిత్రాలే లేవని దీని అర్థం కాదు. అదే 1616లో నౌరోజ్ ఉత్సవంలో సింహాసనం వద్ద ఇంగ్లండు రాజు, రాణి మొదలైనవారి పటాలు అలంకరించి ఉండడం రో చూశాడు. 1620లో కాశ్మీరు ఉద్యానంలోని చిత్రశాలను బాగుచేయించి, తన పూర్వుల రూపాలను, షా అబ్బాసు రూపాన్ని వేయించిన సంగతి జహాంగీరే రాశాడు. గోడ సభ కోసం, ఉత్సవం కోసం, రాజుల మధ్య మర్యాద కోసం. ప్రాణప్రదమైన చిత్రం మాత్రం మురఖ్ఖాలో, అట్టల మధ్య.

గోల్కొండ నుంచి ఆంస్టర్‌డాముకు

అచ్చు చిత్రాలు పడమటి నుంచి తూర్పుకు వచ్చినట్లే, చిత్రాలు తూర్పు నుంచి పడమటికి వెళ్ళాయి. ఈ ప్రయాణంలో మన తెలుగు తీరానికి ప్రత్యక్ష సంబంధం ఉన్నది. మచిలీపట్నంలో పదిహేడవ శతాబ్దారంభం నుంచే డచ్చి కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. గోల్కొండ రాజధానిలోనూ వారి మనుషులుండేవారు. కుతుబ్‌షాహీల చివరి దశాబ్దాలలో గోల్కొండ చిత్రకారులు మొగలు చక్రవర్తులు, దక్కను సుల్తానులు, వారి అమాత్యులు, శివాజీ మొదలైనవారి చిత్తరువులను వరుసలు వరుసలుగా తయారుచేసి ఐరోపా వర్తకులకు అమ్మేవారు.

ఆంస్టర్‌డాం నగరాధ్యక్షుడు, డచ్చి కంపెనీ వ్యవహారాలలో ప్రముఖుడు నికొలాస్ విట్సెన్ వద్దకు చేరిన అటువంటి వరుస ఒకటి, 49 చిత్తరువులతో, నేడు ఆ నగరంలోని రైక్స్ మ్యూజియంలో ఉన్నది. 1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను పట్టుకొన్నాయి. అబుల్ హసన్ తానాషా బందీగా దౌలతాబాదుకు వెళ్ళాడు. ఆ రాజ్యపు ముఖాలు మాత్రం ఆంస్టర్‌డాములో ఒక వర్తక ప్రముఖుని ఇంట గ్రంథంగా నిలిచాయి. ఇటువంటి చిత్తరువుల ఆధారంగానే ఫ్రాన్స్వా వాలెంటైన్ 1724-1726 మధ్య వెలువరించిన మహాగ్రంథంలో రాగిరేకు అచ్చులు వేశారు. ఆంట్వెర్ప్ అచ్చు ఆగ్రాలో చిత్రమైనది, గోల్కొండ చిత్రం హాలండులో అచ్చయినది.

దీనికి కొంచెం ముందు, 1656-1661 ప్రాంతంలో, అదే ఆంస్టర్‌డాములో రెంబ్రాంట్ మొగలు చిత్రాలను చూసి తూర్పు ఆసియా కాగితంమీద కలముతో, సిరాతో నకళ్ళు గీశాడు. వాటిలో 23 నేటికీ మిగిలి ఉన్నాయి. చెట్టు క్రింద కూర్చొని సంభాషిస్తున్న నలుగురు వృద్ధుల చిత్రం వాటిలో ప్రసిద్ధమైనది. 1656లో రెంబ్రాంట్ చెక్కిన అబ్రహాము, దేవదూతల అచ్చు చిత్రంలో ఆ వృద్ధులు కూర్చున్న తీరే కనిపిస్తుంది. హజ్రత్ ఇబ్రాహీం (అ) ఇంటి ముంగిట అతిథుల దృశ్యాన్ని గీయడానికి ఒక క్రైస్తవ చిత్రకారునికి సూఫీ పెద్దల గోష్ఠి దారి చూపడం విశేషం. అయితే రెంబ్రాంట్ ఆ చిత్రాలను కోయలేదు, అతికించలేదు. ఎదురుగా పెట్టుకొని నేర్చుకొన్నాడు. అబుల్ హసన్ గురించి ఎవరైనా చెప్పి ఉంటే ఆ పని ఎలాటిదో ఆయన గ్రహించేవాడే, ఎందుకంటే అబుల్ హసన్ డ్యూరర్‌తో చేసినదీ అదే.

తరువాతి శతాబ్దంలో కథ మరొక మలుపు తిరిగింది. వియన్నాలోని షోన్‌బ్రున్ రాజభవనంలో 1760 దశకంలో మహారాణి మరియా తెరెసా ఒక గదిని విలువైన కొయ్య పలకలతో కప్పించింది. ఆ పలకలలో 60 బంగారు చట్రాలు తీర్చి, వాటిలో మొగలు చిత్రాలను పొదిగించారు. రెండు వందలకు పైగా చిత్రాలను కత్తిరించి, ఒకదానిలోని మనిషిని మరొకదానిలోని తోటలో పెట్టి, అతుకులు తెలియకుండా పైన రంగు పూసి కొత్త దృశ్యాలు కల్పించారు. రెంబ్రాంట్ చూసి గీసిన నలుగురు వృద్ధుల మూలచిత్రాన్ని పండితులు ఈ గోడలోనే గుర్తించారు. ఆ గదికి మిల్లియోనెన్‌జిమ్మర్, అంటే లక్షల ఖరీదైన గది అని పేరు వచ్చింది.

మురఖ్ఖాలోనూ అతుకులే, ఈ గదిలోనూ అతుకులే. మరి భేదమేమిటి? మురఖ్ఖా కూర్చినవాడు చిత్రాన్ని చిత్రంగా గౌరవించి దాని చుట్టూ అంచు కట్టాడు. గీసినవాని పేరు తెలిస్తే అక్కడే రాశాడు. వియన్నా పనివాడు ఆ చిత్రాన్ని రంగు ముక్కగా చూశాడు. అంచు, వెనుకవైపు రాత, గీసినవాని పేరు గోడలో కలిసిపోయినవి.

విడిపోయిన షానామాలు

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ వైఖరి వ్యాపారంగా మారింది. పారిస్ వర్తకుడు జార్జ్ దెమోత్ 1910 ప్రాంతంలో ఒక షానామా వ్రాతప్రతిని సంపాదించాడు. 1330 దశకంలో ఇల్ఖానీ మంగోలుల కాలంలో తయారైన ఆ గ్రంథం ఇరానీ చిత్రకళలో మహోన్నతమైనది. గ్రంథంగా కొనేవారు దొరకకపోవడంతో దెమోత్ దానిని విప్పి పుటలు విడివిడిగా అమ్మాడు. ఒకే పత్రానికి రెండువైపులా చిత్రాలున్నచోట కాగితాన్ని మందంలో రెండుగా చీల్చి రెండు పటాలు చేశాడు. చీల్చినప్పుడు దెబ్బతిన్నచోట సంబంధంలేని మరొక పుటలోని రాతను అతికించాడు. నేడు అరవైలోపు చిత్రాలు వేర్వేరు దేశాల మ్యూజియములలో, సేకర్తల ఇండ్లలో ఉన్నాయి.

ఇంతకన్న బాధాకరమైనది షా తహ్మాస్ప్ షానామా కథ. పదహారవ శతాబ్దం పూర్వార్ధంలో తబ్రీజులో తయారైన ఈ గ్రంథంలో 759 పత్రాలు, 258 చిత్రాలు. 1568లో ఉస్మానీ సుల్తాను రెండవ సలీంకు ఇరాన్ పంపిన కానుకలలో ఇది ప్రధానమైనది. తరువాత మూడు శతాబ్దాలకు పైగా గ్రంథం చెక్కుచెదరలేదు. 1903 నాటికి పారిస్‌లో ఎద్మండ్ ద రోత్‌షీల్డ్ చేతిలో ఉన్నది. 1959లో అమెరికన్ సేకర్త ఆర్థర్ హౌటన్ కొన్నాడు. ఈయన సామాన్యుడు కాడు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో అపూర్వ గ్రంథాల కోసం 1942లో కట్టిన గ్రంథాలయం ఈయన పేరు మీదనే ఉన్నది. అటువంటి గ్రంథప్రియుడే ఈ గ్రంథాన్ని విప్పించాడు. 1972లో 78 చిత్రాలను న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు ఇచ్చాడు. 1976లో ఏడు పత్రాలు లండను వేలంలో అమ్ముడుపోయాయి. క్రమంగా మరికొన్ని చెదిరిపోయాయి.

హౌటన్ 1990లో మరణించాడు. 1994లో మిగిలిన 118 చిత్రాలు, రాతపుటలు, జిల్దు వియన్నా విమానాశ్రయంలో చేతులు మారాయి. వాటికి బదులుగా ఇరాన్ తన సమకాలిక కళా మ్యూజియంలోని డ కూనింగ్ తైలవర్ణ చిత్రాన్ని ఇచ్చివేసింది. ఒక గోడ పటం ఇచ్చి, గోడ పటాలుగా మారకుండా మిగిలిన గ్రంథభాగాన్ని ఒక జాతి వెనక్కు తెచ్చుకొన్నదన్నమాట. వేలంలో ఈ గ్రంథంలోని ఒక్క పత్రం 2011లో 74 లక్షల పౌండ్లు, 2022లో మరొకటి 80 లక్షల పౌండ్లు దాటి పలికింది. పుట వెల ఇలా పెరిగే కొద్దీ, ఇంకా చెక్కుచెదరని గ్రంథాలకు ముప్పు కూడా పెరుగుతుంది.

ఇంతకూ విప్పడం వల్ల పోయినదేమిటని అడగవచ్చు. చిత్రాలు భద్రంగానే ఉన్నాయి కదా, ఎక్కువమంది చూడగలుగుతున్నారు కదా అని వాదించేవారున్నారు. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. మూడు శతాబ్దాలు రాజుల ఖజానాలో ఉన్న గ్రంథాన్ని సామాన్యుడు చూడలేదు. కాని షానామాలో చిత్రం కథకు ఒక మజిలీ. ముందు పుటల్లో రుస్తుం బయలుదేరుతాడు, ఈ పుటలో పోరాడుతాడు, పుట తిప్పితే ఫలితం. ఏ ఘట్టానికి చిత్రం వేయించారు, దేనికి వేయించలేదు, ఏ చిత్రకారుని పుట తరువాత ఎవరి పుట వచ్చింది అన్నవి గ్రంథం ఉంటేనే తెలుస్తాయి. చదవలేని నాలుగు పద్యపాదాలతో గోడమీద నిలిచిన పటం అందమైనదే. అది చెప్పవలసిన మాట మాత్రం సగంలో ఆగిపోయింది.

హైదరాబాదు ఇండ్లు

హైదరాబాదులో సేకర్త ఇల్లు అనగానే అందరికీ తోచేది దివాన్ దేవిడి. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949 మార్చి 2న మరణించేనాటికి ఆ భవనంలో చిత్రాలు, వ్రాతప్రతులు, ఐరోపా తైలవర్ణ పటాలు, పింగాణీ, గడియారాలు లెక్కకు మిక్కిలిగా పోగుపడ్డాయి. వాటిని క్రమపరచే పని జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. 1951 డిసెంబరు 16న పండిత నెహ్రూ దివాన్ దేవిడిలోనే ప్రదర్శనశాలను ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయినది. 1968లో మూసీ తీరాన ఉన్న నేటి భవనానికి తరలించారు. అంటే పదహారు పదిహేడేండ్లపాటు ప్రజలు ఆ వస్తువులను సేకర్త ఇంటిలోనే చూశారు. కొత్త భవనంలో అవి దేశాల వారీగా, రకాల వారీగా గదులలో సర్దుకొన్నాయి. విద్యార్థికి ఇది మేలే. ఒక మనిషి అభిరుచి ఒకే కప్పు క్రింద ఎలా ఉండేదో తెలిపే సాక్ష్యం మాత్రం దేవిడితోనే పోయింది.

సాలార్‌జంగ్ చేసిన ఒక మేలును ఇక్కడ ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది. ఆయన వ్రాతప్రతులను వ్రాతప్రతులుగానే ఉంచాడు. తైలవర్ణ పటాలకు గోడ, గ్రంథాలకు అలమార అన్న పాత విభజన ఆ ఇంట నిలిచింది. యాఖూత్ అల్ ముస్తాసిమీ రాసినదిగా చెప్పబడే ఖుర్ఆన్ ప్రతి ఒకటి మొగలు చక్రవర్తుల చేవ్రాళ్ళు, ముద్రలతో సహా ఆ సంగ్రహంలో ఉండడం ఈ మర్యాద ఫలితమే. చిత్రకారులైన జగదీశ్ మిట్టల్, కమలా మిట్టల్ దంపతులు తమ సేకరణను 1976లో ఒక ట్రస్టుకు అప్పగించి హైదరాబాదులోనే నిలపడం కూడా ఈ నగర సంప్రదాయానికి తగినదే.

సామాన్యుల ఇండ్లలో మరొక రకం సేకరణ ఉన్నది. మక్కా, మదీనాల రంగుల అచ్చు చిత్రం లేని పాత ముస్లిం గృహం అరుదు. దానికి మూలం ఒకప్పుడు దలాయిలుల్ ఖైరాత్ అనే ప్రార్థన గ్రంథపు వ్రాతప్రతులలో ఎదురెదురు పుటలలో వేసే రెండు పుణ్యక్షేత్రాల చిత్రాలే. గ్రంథంలో ఒడిలో ఉన్న ఆ జంట, శిలాముద్రణ వచ్చిన తరువాత గోడ కెక్కింది. మనుష్యరూపం లేదు కనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇక్కడ ఏ గ్రంథమూ చినగలేదు. పేదవాని ఇంటికి కాబా దగ్గరైనది.

సేకర్త బాధ్యత

నేడు మ్యూజియములు కాగితంమీది చిత్రాలను 50 లక్సులకు మించని మందమైన వెలుగులో, కొద్ది నెలలు మాత్రమే ప్రదర్శించి తిరిగి చీకటిలో పెడుతున్నాయి. ఎండ, విద్యుద్దీపాల వెలుగు తగిలితే కొన్ని రంగులు వెలిసిపోతాయి, కాగితం పెళుసవుతుంది. పోయిన రంగు తిరిగి రాదు. అట్టల మధ్య మూసి ఉంచి అవసరమైనప్పుడే తెరచే మురఖ్ఖా పద్ధతిలో ఈ రక్షణ సహజంగానే ఉండేది. జహాంగీరు పుటలు నాలుగు వందల యేండ్ల తరువాత కూడా కొత్తవిగా కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మన ప్రాంతంలో హైదరాబాదు, కర్నూలు, కడప, మచిలీపట్నం వంటి చోట్ల పాత కుటుంబాలవద్ద పార్సీ, అరబ్బీ, ఉర్దూ వ్రాతప్రతులున్నాయి. కొన్నింటిలో చిత్రాలున్నాయి, చాలావాటిలో బంగారు అంచులైనా ఉన్నాయి. ఇటువంటి గ్రంథం ఇంటిలో ఉన్నప్పుడు బొమ్మ ఉన్న ఆకును మాత్రమే అడిగే కొనుగోలుదారు ఎప్పుడో ఒకప్పుడు గుమ్మం ఎక్కుతాడు. గ్రంథం మొత్తానికి ఇచ్చేదానికన్న ఒక్క ఆకుకు ఎక్కువ ఇస్తానంటాడు. అవసరం ఉన్న ఇంటికి అది చిన్న మాట కాదు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువగల వ్రాతప్రతి 75 ఏండ్లు దాటితే పురావస్తువే, దానిని వ్యక్తులు దేశం దాటించరాదు. కాని దేశంలోపల ఇంటిలో కూర్చొని కత్తెర పట్టుకొన్న చేతిని చట్టం అంత సులభంగా ఆపలేదు.

ఆపవలసినది ఇంటివారి వివేకం. ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. జిల్దు విప్పకూడదు. హాషియా పాతబడినదని కత్తిరించకూడదు. ఇదివరకే విడిపోయిన ఆకు దొరికితే వెనుకవైపు రాత కనిపించకుండా అట్టకు అతికించకూడదు, ఆ వైపున ఉన్న ముద్ర, తేదీ, వెల, పేరు చిత్రంతో సమానమైన సాక్ష్యాలు. గోడమీద పటమే కావాలనుకొంటే పుటను ఫోటో తీయించి ఆ ప్రతికి పటం కట్టించుకోవచ్చు. అసలు గ్రంథం అలమారలో ఉంటుంది, అతిథి వచ్చినప్పుడు తెరచి పుట తిప్పి చూపవచ్చు. అమ్మక తప్పని పరిస్థితి వస్తే గ్రంథాన్ని గ్రంథంగానే, పుటలన్నింటితో, ఒక గ్రంథాలయానికి గాని మ్యూజియంకు గాని ఇవ్వడం ఉత్తమం. వెల కొంత తగ్గవచ్చు. ఆ ఇంటి పూర్వుల పేరు మాత్రం తొలిపుటలోని ముద్రతో సహా నిలుస్తుంది.